ఇంపీచ్‌మెంట్ ఓటుకు ద్రోహమా? ముందు ఆ ఓటు తేదీ చూడండి!

నమస్తే అండి, బెంగళూరు నుంచి మళ్లీ వచ్చేశాను. సూటిగా విషయంలోకి వెళ్దాం. ఇంపీచ్‌మెంట్ అంటే అధ్యక్షుడి మీద చట్టసభ ఓటేసి అభియోగం మోపడం. అమెరికాలో ఆ పని ప్రతినిధుల సభది, దించాలా వద్దా తేల్చేది పై సభ అయిన సెనేట్. "ట్రంప్‌కి 2016లో దాదాపు 6 కోట్ల 30 లక్షల మంది ఓటేశారు, ఆయన్ని ఇంపీచ్ చేయడమంటే అన్ని ఓట్లనూ చెత్తబుట్టలో పడేయడమే." ట్రంప్ అభిమానులది 2019 నుంచి ఇదే పాట. మొన్న మారతహళ్లిలో ఆంధ్రా మెస్‌లో తింటుంటే, డాలస్ నుంచి సెలవు మీద వచ్చిన ఒకాయన ఎదుటి టేబుల్ దగ్గర కూర్చుని ఇదే మాట. గోంగూర కలిపిన ముద్ద చేతిలోనే ఉంది, నోటి దాకా పోవడం లేదు. "ప్రజాతీర్పు సార్, ప్రజాతీర్పు!" అని ఒకటే అరుపు. వడ్డించే కుర్రాడు నెయ్యి గిన్నె పట్టుకుని పక్కనే నిలబడిపోయాడు పాపం.

ఏ ప్రజాతీర్పు సార్? ఏ సంవత్సరం తీర్పు?

పాల ప్యాకెట్ కొంటే తేదీ చూస్తాం కదా? ఓటుకూ తేదీ చూడాలి. నా వాదన మొత్తం ఇదే. రాసి పెట్టుకోండి.

2016 నవంబర్‌లో ట్రంప్ గెలిచాడు, కాదనను. 2018 నవంబర్‌లో అదే దేశం ఓటర్లు మళ్లీ క్యూ కట్టారు. ప్రతినిధుల సభలో ఉన్న 435 సీట్లకూ ఓటేసి, 235 తీసుకెళ్లి డెమొక్రాట్ల చేతిలో పెట్టారు. 2019 డిసెంబర్ 18న ఇంపీచ్ చేసింది ఆ సభే! అంటే తాజా ఓటు ఎవరి దగ్గరుంది? సభ దగ్గర. పాత ఓటు? అధ్యక్షుడి దగ్గర. పాత ఓటు మాత్రమే ఓటు, కొత్తది లెక్కలోకి రాదు అంటే ఎలా అండీ?

పైగా 2016లో దేశం మొత్తం మీద లెక్కేస్తే ట్రంప్ మీద పోటీ చేసిన హిల్లరీ క్లింటన్‌కే 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ పడ్డాయి. అప్పుడేమన్నారు? "రూల్ రూలే, ఎలక్టోరల్ కాలేజ్ (రాష్ట్రాల వారీగా అధ్యక్షుణ్ని ఎన్నుకునే ప్రతినిధులు) చెప్పిందే ఫైనల్" అన్నారు. ఒప్పుకున్నాం. ఇంపీచ్‌మెంట్ కూడా ఆ రాజ్యాంగంలో రాసిన రూలే కదా! సరే, సెనేట్ ఆయన్ని దించేసిందే అనుకోండి. ఎవరొచ్చేవారు? హిల్లరీనా? కాదు, మైక్ పెన్స్. ట్రంప్‌తో పాటు ఒకే టికెట్ మీద ఉపాధ్యక్షుడిగా గెలిచినాయన. ఇందులో ఎన్నిక ఎక్కడ తిరగబడింది?

నేను ట్రంప్ మీద పగతో మాట్లాడుతున్నానని కొందరు మొదలుపెడతారు. అయితే డెమొక్రాట్ అధ్యక్షుడు బిల్ క్లింటన్ సంగతి వినండి. 1998 నవంబర్ ఎన్నికల్లో ప్రతినిధుల సభలో క్లింటన్ పార్టీకి 5 సీట్లు పెరిగాయి. ఇంపీచ్‌మెంట్ వేడిలోనే ఓటర్లు అలా ఓటేశారు. కొత్త సభ జనవరిలో కూర్చోవాలి. ఈలోపు డిసెంబర్ 19న, గడువు అయిపోతున్న పాత సభ ఆయన్ని ఇంపీచ్ చేసేసింది! ఓటరు మొహం మీద తలుపేయడమంటే అదీ. ఆ పాత సభ చేసిన పని నాకు అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే.

ఇక దక్షిణ కొరియా. నా లెక్కకి దీన్ని మించిన సాక్ష్యం లేదు. అక్కడి పార్లమెంటుకు ఎన్నికలు జరిగింది 2000లో. రో మూ హ్యున్ అధ్యక్షుడిగా గెలిచింది 2002 డిసెంబర్‌లో. 2004 మార్చిలో ఆ పాత పార్లమెంటు ఆయన్ని ఇంపీచ్ చేసింది. జనం నెల దాటగానే, ఏప్రిల్ ఎన్నికల్లో, ఆయన పక్షాన ఉన్న 'ఊరి' అనే పేరున్న పార్టీని మెజారిటీతో గెలిపించారు. మేలో రాజ్యాంగ న్యాయస్థానం ఇంపీచ్‌మెంట్‌ను కొట్టేసింది.

అదే దేశం, ఇరవై ఏళ్ల తర్వాత. యూన్ సుక్ యోల్ 2022లో ఒక్క శాతం కూడా లేని తేడాతో గెలిచాడు. 2024 ఏప్రిల్‌లో జనం పార్లమెంటును ప్రతిపక్షానికి ఇచ్చారు. డిసెంబర్ 3 రాత్రి ఈయన మార్షల్ లా, అంటే సైనిక పాలన, అన్నాడు. 14న ఇంపీచ్ అయ్యాడు, 2025 ఏప్రిల్ 4న న్యాయమూర్తులు ఎనిమిది మందీ ఒకే మాటగా దించేశారు. జూన్‌లో మళ్లీ ఎన్నికలు. బంతి తిరిగి ఓటరు చేతికే వచ్చింది!

ఓటుకు నిజమైన ద్రోహం ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1983 జనవరిలో ఎన్టీఆర్ 200కు పైగా సీట్లతో గెలిచారు. 1984 ఆగస్టులో, అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన మనిషిని గవర్నర్ రాంలాల్ దించేసి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టారు. సభలో ఓటింగ్ లేదు, విచారణ లేదు. మధ్యలో జనం వేసిన కొత్త ఓటు ఒక్కటి లేదు. అప్పుడు ఎమ్మెల్యేలను కాపాడుకోవడానికి ఎక్కడికి తెచ్చారు? మన కర్ణాటకకే. ఆదివారం తెల్లారకముందే బైకులేసుకుని సూర్యోదయం చూడ్డానికి పరిగెడతామే, ఆ నంది హిల్స్‌లో కూడా ఉంచారు. ఈసారి వెళ్లినప్పుడు గుర్తు చేసుకోండి. జనం ఊరుకున్నారా? నెల రోజులకే ఎన్టీఆర్‌ను మళ్లీ ముఖ్యమంత్రిని చేయాల్సి వచ్చింది.

ఆ రాజ్‌భవన్ వ్యవహారాన్నీ, కెమెరాల ముందు ఒక్కొక్క సభ్యుడూ పేరు పెట్టి ఓటేసిన ట్రంప్ ఇంపీచ్‌మెంట్‌నూ ఒకే గాటన కడతారా? నాకు ఒళ్లు మండేది ఇక్కడే!

"మరి 2024లో జనం ట్రంప్‌నే తెచ్చుకున్నారుగా?" అంటారు. తెచ్చుకున్నారు, నేనెందుకు కాదంటాను? రెండుసార్లు ఇంపీచ్ చేశారు. రెండోసారి సెనేట్‌లో 57 మంది దోషి అన్నారు, కావాల్సింది 67, కాబట్టి బయటపడ్డాడు. మళ్లీ పోటీ చేశాడు, గెలిచాడు. ఇంపీచ్‌మెంట్ ఓటరు చేతిలోంచి ఏం లాక్కుందో డాలస్ అన్నయ్య చెప్పాలి. తాజా ఓటుతో వచ్చిన సభ ఇంపీచ్ చేస్తే ఓటరుకు అన్యాయం జరిగిన ఒక్క ఉదాహరణ తీసుకురండి. శనివారం రాత్రి లైవ్‌లో కూర్చుందాం, మైక్ మీకే ఇస్తాను.