కొత్త భవనం కరెంటు లెక్క ప్లాన్ దగ్గరే తేల్చాలా?

యాంకర్: నమస్కారం. కొత్తగా కట్టే భవనం తనకు కావాల్సిన కరెంటులో కొంత తనే తయారు చేసుకోవాలని ప్లాన్ అనుమతిలోనే షరతు పెట్టడం సబబేనా? స్టూడియోలో ఒక ప్లానింగ్ అధికారి, ఒక ఆర్కిటెక్ట్, ఒక బిల్డర్ ఉన్నారు. మేడమ్, మీతో మొదలుపెడదాం.

ప్లానింగ్ అధికారి: సబబే. కొత్త ఆలోచన కూడా కాదిది. ఇజ్రాయెల్ 1980లోనే కొత్త ఇళ్లకు సోలార్ వాటర్ హీటర్ తప్పనిసరి చేసింది. మా రంగంలో అందరూ చెప్పుకునేది మాత్రం లండన్‌లోని మెర్టన్ బరో, అంటే అక్కడి ఒక స్థానిక పాలనా ప్రాంతం గురించి. వెయ్యి చదరపు మీటర్లు దాటిన నివాసేతర భవనాలకు 10 శాతం పునరుత్పాదక శక్తి అక్కడే ఉత్పత్తి కావాలని 2003లో నిబంధన పెట్టారు. తర్వాత చాలా స్థానిక కౌన్సిళ్లు అదే బాట పట్టాయి. కాలిఫోర్నియా 2020 నుంచి కొత్త ఇళ్లకు సోలార్ పెట్టాల్సిందేనంది.

బిల్డర్: నిబంధన ఉండటం నాకు కష్టం కాదండీ. మాట మార్చడమే కష్టం. 2016 నుంచి కట్టే ప్రతి ఇల్లూ జీరో కార్బన్ కావాలని, అంటే దాని శక్తి వాడకం వల్ల నికరంగా కార్బన్ ఉద్గారాలు ఉండకూడదని బ్రిటన్ 2006లో ప్రకటించింది. దాన్ని నమ్మి డిజైన్లు మార్చుకున్నవాళ్లున్నారు. 2015లో ఆ లక్ష్యాన్నే ఎత్తేశారు. పదేళ్ల ముందు చెప్పండి, చెప్పినదాని మీద నిలబడండి.

యాంకర్: ఆర్కిటెక్ట్ గారూ, 10 శాతం సరిపోతుందా?

ఆర్కిటెక్ట్: దేంట్లో 10 శాతం అన్నది ముందు అడగాలి సార్. పడమటి గోడంతా అద్దం పెట్టి, నీడ లేకుండా కట్టి, ఆ ఏసీ లోడులో పదో వంతు సోలార్ పెడితే ఏం లాభం? ముందు వాడకం తగ్గాలి. గోడ, కిటికీ, నీడ, గాలి. ఆ తర్వాతే ప్యానెళ్లు. ఇంకో మాట. చలి దేశాల్లో ఇల్లు వేడెక్కించే గ్యాస్ బాయిలర్ ఒకసారి బిగిస్తే పదిహేనేళ్లు కదలదు. అదే బయటి వేడిని లోపలికి తెచ్చే హీట్ పంప్ అయితే ఒక యూనిట్ కరెంటుకి దాదాపు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. శాతాల గొడవలో పడి ఇది మర్చిపోతున్నాం.

ఇక టెర్రస్ సంగతి. డ్రాయింగులో టెర్రస్ ఖాళీగా కనిపిస్తుంది. కట్టాక చూస్తే లిఫ్ట్ గది, నీళ్ల ట్యాంకు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు. సిరీస్‌లో కలిపిన ప్యానెళ్లలో ఒక్కదాని మీద ట్యాంకు నీడ పడినా వరుస మొత్తం ఉత్పత్తి పడిపోవచ్చు. మధ్యాహ్నం మూడింటికి నీడ ఎక్కడుంటుందో ప్లాన్ రోజునే గీయించాలి.

ప్లానింగ్ అధికారి: నిజం. నేనొక భవనం తనిఖీకి వెళ్లాను. కాగితం మీద అన్నీ పక్కాగా ఉన్నాయి. పైకెక్కి చూస్తే సోలార్ హీటర్ వాల్వు కట్టేసి ఉంది, చక్రం తుప్పు పట్టి తిరగడం లేదు. ఎన్నాళ్లుగా అలా ఉందో చెప్పేవాళ్లు లేరు. ఆ రోజు నుంచి నాకు శాతం కంటే మీటరు ముఖ్యం. లండన్ నగర అభివృద్ధి నిబంధనల పత్రమైన 2021 లండన్ ప్లాన్‌లో పెద్ద ప్రాజెక్టులు కట్టాక కనీసం ఐదేళ్లు వాడకం లెక్కలు ఇవ్వాలని పెట్టారు. మెర్టన్‌లో లేనిది అదే.

బిల్డర్: ఐదేళ్లంటే ఎలా మేడమ్? అమ్మేశాక భవనం నా చేతిలో ఉండదు కదా!

ప్లానింగ్ అధికారి: అందుకే ఆ బాధ్యత కొన్నవాళ్లకు ఎలా బదిలీ అవుతుందో అనుమతి పత్రంలోనే రాయాలంటున్నాను.

బిల్డర్: రాయండి, ఒప్పుకుంటాను. మీటరు గది తాళం ఎవరి దగ్గరుంటుందో కూడా అందులోనే రాయండి.