మొసళ్ళ సముద్రం ఒడ్డున తొమ్మిది రోజులు

అందరికీ నమస్కారం. రోజూ పొద్దున్నే ఆర్కే బీచ్‌లో చేతులు ఊపుకుంటూ నడిచేవాళ్ళం, ఇలా ఫ్యాన్ల కింద కుర్చీల్లో ఒకళ్ళనొకళ్ళం చూసుకుంటుంటే కాస్త కొత్తగానే ఉంది. సెక్రటరీ గారు బోర్డు మీద ‘ఆస్ట్రేలియా విశేషాలు’ అని రాసేశారు. అంత దేశం నా వల్ల కాదు. ఒక్క ఊరి గురించి చెబుతాను. ఆ దేశం ఉత్తర తీరాన ఉండే డార్విన్.

మా అబ్బాయి అడిలైడ్‌లో ఉంటాడు. జులైలో అక్కడ మంచి చలి. చలి పట్టగానే అక్కడి రిటైరైన దంపతులు కారు వెనక కారవాన్ తగిలించుకుని ఉత్తరానికి బయలుదేరతారు. గ్రే నోమాడ్స్ అంటారు వాళ్ళని, తల నెరిసిన సంచారులన్నమాట. “నాన్నా, మీరూ ఆ కోవలోవాళ్ళే, పదండి” అని మావాడు ఓ కారవాన్ అద్దెకు తెచ్చాడు. మన సినిమావాళ్ళ కారవాన్ అనుకునేరు! కొక్కేనికి తగిలించుకుని లాక్కుపోయే చక్రాల గది. మంచాలు, గ్యాస్ పొయ్యి, సింకు, అగ్గిపెట్టెంత మరుగుదొడ్డి. ఆ దొడ్డి కింద ఓ డబ్బా ఉంటుంది. దాన్ని రెండ్రోజులకోసారి డంప్ పాయింట్‌కి మోసుకెళ్ళి పారబోసి కడిగి తేవాలి. ఆ పని నేను తీసుకున్నాను. కోడలు వద్దు మావయ్యగారూ అంది గానీ, కూర్చుని తింటున్నవాడికి ఆ మాత్రం పని ఉండాలి.

అడిలైడ్ నుంచి డార్విన్‌కి రమారమి 3000 కిలోమీటర్లు. దారంతా ఎర్రమట్టి, చెదపుట్టలు. రోడ్ ట్రెయిన్లనే లారీలుంటాయి. మూడు నాలుగు ట్రెయిలర్లు కలిపి 53 మీటర్ల దాకా పొడుగు. అది ఎదురొచ్చి పక్కనుంచి పోయిందంటే మన చక్రాల గది ఓ ఊపు ఊగుతుంది, లోపల గిన్నెలు భజన మొదలెడతాయి. ఇంకో మాట. భార్యాభర్తల అన్యోన్యం చూడాలంటే కారవాన్‌ని రివర్స్ చేసే వేళ చూడాలి. ఆవిడ కుడి అంటుంది, ఆయన ఎడమకి తిప్పుతాడు. ఏ దేశమైనా అంతే.

డార్విన్ చేరగానే మేం చేసిన తెలివితక్కువ పని, కారవాన్‌తో సహా ఊళ్ళోకి దూరడం. ముప్పావుగంట తిరిగాం, ఎక్కడా పార్కింగ్ లేదు. వెనక్కొచ్చి, ఊరికి 20 కిలోమీటర్ల అవతల కారవాన్ పార్కులో దాన్ని దింపి, ఉత్త కారులో వెళ్ళాం. తెలిసినవాళ్ళంతా అదే చేస్తారు.

ఊరు చూడగానే మా ఆవిడ, “ఇది మనూరే” అంది. మామిడిచెట్లు, దేవగన్నేరు, ఒంటికి అంటుకునే ఉప్పుగాలి. సరుగుడు చెట్ల మీదుగా పేరొచ్చిన పేటే ఉంది, కాసువరీనా అని. విశాఖ భూమధ్యరేఖకి ఉత్తరాన 17 డిగ్రీలు దాటి ఉంటే, డార్విన్ దక్షిణాన 12 డిగ్రీలు దాటి ఉంది. అంటే మనకన్నా అదే రేఖకి దగ్గర. జులైలో మాత్రం మన సంక్రాంతి వాతావరణం.

అంత అందమైన సముద్రం, ఒక్కడూ దిగడు! ఉప్పునీటి మొసళ్ళు. ఒడ్డున పసుపు బోర్డులు పెట్టారు. అక్టోబరు నుంచి మే దాకా ప్రాణాలు తీసే బాక్స్ జెల్లీఫిష్ కూడా. స్నానం కావాలంటే వాటర్‌ఫ్రంట్‌లో అలల కొలనులోకి టికెట్ కొనుక్కుని వెళ్ళొచ్చు. పైగా పోటు ఎనిమిది మీటర్ల దాకా లేస్తుంది. మన రేవులో రెండు మీటర్లు దాటడం ఎరుగుదుమా? పొద్దున పడవలు తేలిన చోట మధ్యాహ్నానికి బురద. ఆ పోటుతో పాటే డాక్టర్స్ గల్లీ అనే చోటికి చేపలు మేతకొస్తాయి. అందుకే మేత పెట్టే టైము రోజూ మారుతుంది. మోకాళ్ళ నీళ్ళలో నిలబడి రొట్టెముక్క పట్టుకుంటే, పాలబొంతలు వేలితో సహా చప్పరిస్తాయి. పళ్ళు లేని పసిపిల్ల నోరులా ఉంటుంది ఆ స్పర్శ. మా మనవరాలు కిలకిలా నవ్వింది, నేను చెయ్యి లాగేసుకున్నాను.

మ్యూజియంలో స్వీట్‌హార్ట్ అని ముద్దుపేరు పెట్టిన మొసలి ఉంది. 5.1 మీటర్లు. పడవల మోటార్లని కరిచేది. 1979లో పట్టుకునేటప్పుడు చచ్చిపోతే, లోపల కూరి నిలబెట్టారు. పిల్లలంతా దాని దగ్గరే. మేమిద్దరం పక్కనున్న చీకటి గదిలోకి వెళ్ళాం.

ఆ గదిలో చూడ్డానికేం ఉండదు. శబ్దం మాత్రమే. 1974 క్రిస్మస్ ముందురాత్రి ట్రేసీ తుఫాను ఊరి మీద పడుతుంటే ఒక చర్చి ఫాదరు టేప్ రికార్డర్‌లో పట్టిన హోరు అది. విమానాశ్రయంలో గాలి గంటకి 217 కిలోమీటర్లని చూపించి మీటరే ఆగిపోయింది. 66 మంది పోయారు. 70 శాతానికి పైగా ఇళ్ళు నేలమట్టం. తర్వాత 30 వేల మందికి పైగా జనాన్ని ఊరు దాటించారు. ఈ అంకెలన్నీ గది బయట చదివినవి. లోపల మాత్రం రేకు చిరుగుతున్న కీచుమోత, దాని వెనక ఆగని ఊళ. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, చల్లగా ఉంది. ఏమీ అనలేదు. 2014 అక్టోబరు 12న మేమిద్దరం ఇక్కడ బాత్రూమ్ తలుపుకి వీపులు ఆనించి కూర్చున్నాం. హుద్‌హుద్‌లో మీరంతా ఎక్కడో ఒకచోట అలా కూర్చున్నవాళ్ళే. ఆ హోరు అదే, ఇంకెవరికీ చెప్పనక్కర్లేదు.

డార్విన్‌లో పాత భవనాలు వెతికితే గానీ కనపడవు. ట్రేసీకి ముందే ఒకసారి తుడిచిపెట్టుకుపోయింది కదా. 1942 ఫిబ్రవరి 19, ఉదయం 9:58. పెర్ల్ హార్బర్ మీద పడ్డ జపాన్ నౌకాదళమే మొదటి విడతలో 188 విమానాలు పంపింది. మధ్యాహ్నం మళ్ళీ. 235 మందికి పైగా చనిపోయారు. ఇప్పటికీ ఏటా ఆ వేళకి అక్కడ సైరన్ మోగిస్తారు. చమురు ట్యాంకులు కాలిపోయాయని కొండ కింద సొరంగాలు తవ్వారు, అవి పూర్తయ్యేలోగా యుద్ధం ముగిసింది. వాటిలో నడుస్తుంటే చల్లటి చుక్క మెడ మీద పడింది, మా నాయనమ్మ గుర్తొచ్చింది. సరిగ్గా లెక్కేస్తే డార్విన్ తర్వాత 46 రోజులకి, ఏప్రిల్ 6న, విశాఖ మీద, కాకినాడ మీద పడ్డాయి బాంబులు. ఎడ్లబండి మీద బిందెలు కట్టుకుని ఊరొదిలిన కథ ఆవిడ ఎన్నోసార్లు చెప్పేది, నేను సగం విని ఆటకి పోయేవాణ్ణి. ఏప్రిల్ 6న మనం ఈ బీచ్‌లో నడుస్తూ ఏం మాట్లాడుకున్నామో నాకు గుర్తులేదు. ఎండల గురించే అయ్యుంటుంది.

గురువారం, ఆదివారం సాయంత్రాలు మిండిల్ బీచ్‌లో సంత. జనం ప్లేట్లు పట్టుకుని ఇసుకలో కూర్చుంటారు. మనకి సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు, అక్కడ సముద్రంలోకి పోతాడు. నా అరవై ఎనిమిదేళ్ళలో ఆ అస్తమయం అదే మొదటిసారి. చివరి అంచు మునిగేదాకా లక్సా నూడుల్స్ చల్లారిపోతున్నా తినలేదు.

అక్కడందరూ బారమండీ అని ఎగబడి తినే చేప మన పండుగప్పే. చింతపండుకీ కరువు లేదు. తెల్లవాళ్ళకి ముందే ఇండోనేషియాలోని మకస్సార్ నుంచి సముద్ర దోసకాయలనే జీవుల కోసం వచ్చిన పడవలవాళ్ళు ఆ తీరానికి చింతగింజలు తెచ్చారట. చివరి రాత్రి మా ఆవిడ కారవాన్ బయట పొయ్యి పెట్టి పులుసు కాచింది. పక్క కారవాన్ పెద్దాయన మడతకుర్చీలోంచి లేచి, గిన్నెలోకి తొంగిచూసి, ఏం చేప అన్నాడు. పండుగప్ప అన్నాను. రెండు ముద్దలు తిని, “కాదు, ఇది బారా” అన్నాడు. కాదు పండుగప్పే అన్నాను. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఇద్దరం ఒప్పుకోలేదు.