యాప్ మారిస్తే మగ్గాల పద్దులు ఉంటాయా? (ఫోన్-ఇన్)

యాంకర్: అనంతపురం స్టూడియో నుంచి నమస్కారం. మొదటి కాల్ ధర్మవరం నుంచి, చెప్పండి.

ధర్మవరం: నమస్తే సార్. మాది పట్టుచీరల వ్యాపారం, మగ్గాలకు రేషం, జరీ ఇచ్చి నేయిస్తాం. ఎవరికెంత జరీ పోయింది, అడ్వాన్సు ఎంత, కూలి ఎంత బాకీ, అన్నీ ఒక యాప్‌లో రాసుకుంటాం. 2022లో మా బంధువుల పిల్లోడు జమారిన్ అని, యాప్‌లు తయారుచేసే ఒక మైక్రోసాఫ్ట్ టూల్‌లో చేసిచ్చినాడు, ఇప్పుడు వాడు కెనడా పోయినాడు, ఎప్పుడు ఫోన్ చేసినా నిద్రలో ఉంటాడు...

నిపుణుడు: ప్రశ్న చెప్పండి సార్.

ధర్మవరం: అదే సార్, ఇక్కడొక అబ్బాయి మొత్తం ఫ్లట్టర్ అని ఇంకో టూల్‌లోకి మారుస్తానంటాడు. పాత పద్దులు పోతాయా?

నిపుణుడు: మార్చక తప్పదు. జమారిన్‌కు మైక్రోసాఫ్ట్ 2024 మే 1తో సపోర్ట్ ఆపేసింది. ఫోన్లలో ఉన్నది నడుస్తుంది గానీ, ప్లే స్టోర్‌లో అప్‌డేట్ వేయాలంటే 2025 ఆగస్టు 31 నుంచి కనీసం ఆండ్రాయిడ్ 15ను టార్గెట్ చేయాలి, అంటే దానికి తగ్గట్టు తయారుచేయాలి, జమారిన్ ఆండ్రాయిడ్ 14 దగ్గరే ఆగింది. సరే, సైనింగ్ కీ ఎవరి దగ్గరుంది?

ధర్మవరం: పాస్‌వర్డా సార్?

నిపుణుడు: కాదండీ, ఫైలు. అప్‌డేట్ మీ నుంచే వచ్చిందని గూగుల్ నమ్మేది దాన్ని చూసే. యాప్ తయారుచేసిన కంప్యూటర్‌లో జమారిన్ ఫోల్డర్, దాంట్లో మోనో ఫర్ ఆండ్రాయిడ్, దాంట్లో కీస్టోర్ అని ఉంటుంది, వెతకమనండి.

ధర్మవరం: ఆ ల్యాప్‌టాప్ మా మేనల్లుడికిచ్చినాం, గేములకని ఫార్మాట్ కొట్టించినాడు. కోడ్ మాత్రం గిట్ అని, వేరే చోట దాచి ఉందంట.

నిపుణుడు: ఏం చెప్పాలండీ మీకు! అందరికీ ఇదే మొత్తుకుంటాను, కీ ఉందో లేదో చూసుకోకుండా ఒక్క లైను కూడా రాయొద్దని. సరే, మీది 2022 కదా, బతికిపోయారు. 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లకు అసలు కీ గూగుల్ దగ్గరే ఉంటుంది. మీకు పోయింది అప్‌డేట్ పంపేటప్పుడు వాడే అప్‌లోడ్ కీ. ప్లే కన్సోల్‌లో, అంటే యాప్ పెట్టినవాళ్ల గూగుల్ ఖాతా పేజీలో, రీసెట్ అడగండి. ప్యాకేజీ పేరు, అంటే స్టోర్ మీ యాప్‌ను గుర్తుపట్టే పేరు, మాత్రం అక్షరం కూడా మారకూడదు, మారితే అది వేరే యాప్ కిందే లెక్క.

ధర్మవరం: అయితే పద్దులుంటాయి?

నిపుణుడు: సర్వర్ ఉందా, అన్నీ ఫోన్లోనేనా?

ధర్మవరం: ఫోన్లోనే. పల్లెల్లో సిగ్నల్ ఉండదు కదా.

నిపుణుడు: అయితే ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ఫైలు అయ్యుంటుంది. జమారిన్‌లో మామూలుగా దాన్ని యాప్ లోపల ఫైల్స్ అనే ఫోల్డర్‌లో పెడతారు. ఫ్లట్టర్‌లో ఎస్‌క్యూఫ్లైట్ అనే డేటాబేస్ లైబ్రరీ వాడితే అది డేటాబేసెస్ అనే ఫోల్డర్‌లో చూసి, అక్కడేమీ లేక కొత్త ఖాళీ ఫైలు తెరుస్తుంది. మీ గుమాస్తాకు ఒక్క మగ్గం పేరూ కనబడదు, టెన్షన్‌లో యాప్ తీసేసి మళ్లీ వేస్తాడు. అప్పటిదాకా పాత ఫైలు పక్క ఫోల్డర్‌లో క్షేమంగానే ఉంటుంది, తీసేసినాకే పోయేది. మొదటిసారి తెరిచినప్పుడే పాత ఫైలును వెతికి తెచ్చుకునే కోడ్ రాయమనండి. అన్‌ఇన్‌స్టాల్ ఎవరూ చేయొద్దు. ఇంకోటి, ఆ అబ్బాయికి జమారిన్ భాష సీ షార్ప్ వస్తే ఫ్లట్టర్ ఎందుకు, జమారిన్ తర్వాత మైక్రోసాఫ్ట్ తెచ్చిన డాట్‌నెట్ మౌయీ (MAUI) చాలు, లెక్కల కోడ్ చాలావరకు అట్లే పనికొస్తుంది. ఫ్లట్టర్ అంటే అంతా డార్ట్ అనే భాషలో మళ్లీ రాయాల్సిందే.

యాంకర్: థ్యాంక్యూ. ఆదోని నుంచి...

ఆదోని: సార్, రియాక్ట్ నేటివ్ అనే టూల్‌తో చేసిన మా యాప్ బాగా స్లో. ఫ్లట్టర్ అయితే స్పీడవుతుందా?

నిపుణుడు: చూస్తున్నది తయారీలో పరీక్షించే డీబగ్ బిల్డా, జనానికిచ్చే రిలీజా?

ఆదోని: డీబగ్ సార్.

నిపుణుడు: డీబగ్ మామూలుగానే స్లో. రిలీజ్ బిల్డ్ చూసి అప్పుడు ఫోన్ చేయండి.

యాంకర్: కడప నుంచి స్టూడెంట్.

కడప: సార్, ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్ రెండిట్లో ఏది నేర్చుకుంటే జాబ్...

నిపుణుడు: జావాస్క్రిప్ట్ వచ్చా? వస్తే రియాక్ట్ నేటివ్, అది ఆ భాషలోనే. ఒకటి పూర్తిగా చెయ్యి నాయనా, రెండూ సగం సగం వద్దు.

యాంకర్: ధర్మవరం వారు మళ్లీ లైన్లో ఉన్నారు.

ధర్మవరం: ఒక్కటి మర్చిపోయినా సార్. కొత్తది బాగలేకుంటే పాతది మళ్లీ పెట్టొచ్చు కదా?

నిపుణుడు: కుదరదు. ప్రతి అప్‌డేట్‌కూ వెర్షన్ కోడ్ అని ఒక నంబరుంటుంది, ప్లే స్టోర్ తక్కువ నంబరు తీసుకోదు. ముందు కొద్ది శాతం మందికే వదలండి, తేడా వస్తే ఆపేయొచ్చు. అప్పటికే ఎక్కిన ఫోన్లకు నంబరు పెంచి, బాగుచేసిందే పంపాలి.

ధర్మవరం: అయితే పద్దులు...

నిపుణుడు: సార్, ఇప్పుడున్న యాప్‌లో ఎక్సెల్‌కు పంపే బటన్ ఉందా?

ధర్మవరం: ఉంది సార్, ఎప్పుడూ నొక్కలేదు.

నిపుణుడు: ఈ రాత్రికే అన్ని ఫోన్లలోనూ నొక్కించండి. అన్‌ఇన్‌స్టాల్ మాత్రం...

ధర్మవరం: చేయం సార్, చేయం.

యాంకర్: థ్యాంక్యూ సార్. తర్వాత తాడిపత్రి, హలో?