టేబుల్ సా సేఫ్టీ యానిమేషన్ చేస్తున్నారా? ముందు బ్లేడ్ ఎటు తిరుగుతోందో చూడండి

(స్క్రీన్ మీద: నల్లటి బ్యాక్‌గ్రౌండ్, పక్కనుంచి కనిపించే టేబుల్ సా బ్లేడ్, నిదానంగా తిరుగుతోంది)

హాయ్ అండి. ఇది టేబుల్ సా, అంటే టేబుల్ మధ్యలోంచి గుండ్రటి రంపం బ్లేడ్ పైకి వచ్చి ఉండే చెక్క కోసే మెషిన్. దీని బ్లేడ్‌ని ఒక ఐదు సెకన్లు చూడండి. ఏదో తేడా కొడుతోంది కదా? రంపం పని తెలిసినవాళ్ళయితే ఈపాటికే పట్టేసుంటారు, ఇది రివర్స్‌లో తిరుగుతోంది. నా మొదటి సేఫ్టీ యానిమేషన్‌లో నేను చేసిన తప్పు ఇదే. లైటింగ్ కోసం మూడు రోజులు కూర్చున్నా, మెటల్ మెరుపు కోసం ఇంకో రోజు, తీరా తెలిసిన కార్పెంటర్ ఒకాయనకి చూపిస్తే రెండు సెకన్లు చూసి ఫోన్ తిరిగిచ్చేసి "బ్లేడే ఎదురు తిరుగుతుంటే ఇంక మిగతాది ఏం చూడమంటావ్ బాబూ" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

ఈరోజు చెక్కని పక్కనుంచి అదిమి పట్టే ఫెదర్ బోర్డ్ అనే యాక్సెసరీకి 90 సెకన్ల డెమో యానిమేషన్ ఎలా చేయాలో చూద్దాం. సాఫ్ట్‌వేర్ బ్లెండర్, పూర్తిగా ఫ్రీ. కానీ బ్లెండర్ ఓపెన్ చేసేముందు మెషిన్ అర్థం కావాలి, లేకపోతే నాలాగే అవుతుంది.

(స్క్రీన్ మీద: ఎడమవైపు మనిషి బొమ్మ, మధ్యలో బ్లేడ్, పళ్ళ మీద బాణం గుర్తులు)

మనిషి ఫ్రేమ్‌లో ఎడమవైపు నిలబడి చెక్కని కుడివైపుకి తోస్తున్నాడు అనుకోండి. అప్పుడు బ్లేడ్ గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరగాలి. అంటే మనిషి వైపున్న పళ్ళు కిందకి దిగుతాయి, చెక్కని టేబుల్‌కి అదిమిపెడతాయి, అక్కడ గొడవ లేదు. వెనక వైపు పళ్ళు మాత్రం కిందనుంచి పైకి లేస్తుంటాయి. అసలు ప్రమాదమంతా అక్కడే. చెక్క కోసుకుంటూ పోయేకొద్దీ లోపలి బిగువు వల్ల కోత సందు మూసుకుపోయి బ్లేడ్‌ని పట్టేసినా, చెక్క ఫెన్స్ నుంచి (అంటే చెక్కని ఆనించి తోసే పక్క పట్టీ నుంచి) కొంచెం పక్కకి జరిగి వెనక పళ్ళకి తగిలినా, ఆ పళ్ళు చెక్కని పైకి లేపి బ్లేడ్ మీదుగా మనిషి మీదకే విసిరేస్తాయి. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. 10 అంగుళాల బ్లేడ్ నిమిషానికి 4000 చుట్లు తిరిగితే పంటి కొన వేగం గంటకి దాదాపు 190 కిలోమీటర్లు, కారు హైవే మీద కూడా అంత వేగంగా పోదు.

ఇలాంటిదాన్ని నిజంగా షూట్ చేయలేం కదా. అందుకే యానిమేషన్. టైమ్ ఆపొచ్చు, టేబుల్‌ని గాజులా చేసి లోపల చూపించొచ్చు, ఎవరికీ దెబ్బ తగలదు. అలాగని ప్రతిదానికీ యానిమేషనే గొప్ప అనను. వేలు తగలగానే బ్లేడ్‌ని ఆపేసే సాస్టాప్ టెక్నాలజీ కనిపెట్టిన స్టీవ్ గ్యాస్ తిరిగే బ్లేడ్‌కి వేలి బదులు హాట్‌డాగ్ సాసేజ్ తగిలించి చూపించేవాడు, దాదాపు 5 మిల్లీసెకన్లలో బ్లేడ్ ఆగిపోతుంది, హాట్‌డాగ్ మీద చిన్న గీత మాత్రమే పడుతుంది. దాన్ని నేను యానిమేషన్‌లో చేస్తే ఎవడూ నమ్మడు, "గ్రాఫిక్స్ అంతే" అంటారు. అక్కడ నిజం వీడియోదే బలం. ఫెదర్ బోర్డ్ కథ వేరు, అది చేసే పని కంటికి కనపడదు, అందుకే దీనికి యానిమేషన్ సరిగ్గా సరిపోతుంది.

(స్క్రీన్ మీద: ఫెదర్ బోర్డ్ క్లోజప్, వేళ్ళు ఒక్కొక్కటిగా వంగుతూ)

ఫెదర్ బోర్డ్ చూడటానికి దువ్వెనలా ఉంటుంది, చివర మామూలుగా 30 డిగ్రీల ఏటవాలుగా కోసి, పొడవాటి చీలికలు పెట్టి, సన్నటి వేళ్ళలా చేస్తారు. చేప మీద తల నుంచి తోకవైపు చెయ్యి రాస్తే సాఫీగా పోతుంది, ఎదురు రాస్తే పొలుసులు గుచ్చుకుంటాయి, ఇదీ అంతే. చెక్క ముందుకి పోతుంటే వేళ్ళు వంగి దారిస్తాయి, వెనక్కి రావాలని చూస్తే అవే వేళ్ళు నిటారు అవ్వబోయి బిగుసుకుంటాయి. దాంతోపాటు చెక్కని ఎప్పుడూ ఫెన్స్‌కి అదిమి ఉంచుతాయి. వీడియోలో చెప్పాల్సింది ఈ ఒక్క కదలికే, మిగతా షాట్లన్నీ దీనికోసమే.

ఇంకొకటి, దీన్ని పెట్టే చోటు. పక్కనుంచి అదిమే ఫెదర్ బోర్డ్ ఎప్పుడూ బ్లేడ్‌కి ముందే ఉండాలి, అంటే చెక్క ఇంకా కోసుకోని చోట. బ్లేడ్ పక్కన పెట్టారా, తెగిపోయిన ముక్కని బ్లేడ్ మీదకి అదిమి సందు మూసేస్తుంది, ఆపడానికి పెట్టిందే కిక్‌బ్యాక్ తెప్పిస్తుంది! యానిమేషన్‌లో కాంపోజిషన్ బాగుంటుందని దాన్ని రెండు అంగుళాలు బ్లేడ్ వైపుకి జరిపారనుకోండి, చూసినవాడు రేపు తన మెషిన్ మీద కూడా అక్కడే పెడతాడు. అందుకే ఈ పనిలో అందం కోసం ఏదీ జరపకూడదు అంటాను.

ఇప్పుడు బ్లెండర్. కంపెనీవాళ్ళు సాధారణంగా స్టెప్ ఫైల్, అంటే ప్రోడక్ట్ 3డీ డిజైన్ ఫైల్ ఇస్తారు, బ్లెండర్ దాన్ని నేరుగా తీసుకోదు, ఫ్రీక్యాడ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఓపెన్ చేసి ఎస్‌టీఎల్ అనే 3డీ ఫైల్‌గా మార్చుకోండి. ఎస్‌టీఎల్‌లో యూనిట్లు ఉండవు కాబట్టి 254 మిల్లీమీటర్ల బ్లేడ్ కాస్తా 254 మీటర్లై కూర్చుంటుంది, సీన్‌లో ఏమీ కనపడట్లేదేంటా అని వెతుక్కుంటారు, నిజానికి మీరు బ్లేడ్ లోపల ఉంటారు. ఇంపోర్ట్ చేసేటప్పుడే స్కేల్ 0.001 ఇవ్వండి. తర్వాత బ్లేడ్ ఆరిజిన్‌ని, అంటే అది తిరిగే కేంద్రాన్ని, మధ్య రంధ్రం సెంటర్‌కి తెచ్చుకోండి, లేకపోతే బ్లేడ్ తూలుతూ తిరుగుతుంది. కీఫ్రేమ్‌లు (ఏ సమయానికి బ్లేడ్ ఏ కోణంలో ఉండాలో చెప్పే గుర్తులు) పెట్టాక గ్రాఫ్ ఎడిటర్‌లో వాటి మధ్య కదలికని, అంటే ఇంటర్‌పొలేషన్‌ని, లీనియర్ (ఒకే వేగం) చేయండి. డిఫాల్ట్‌గా బెజియర్ ఉంటుంది కాబట్టి బ్లేడ్ మెల్లగా మొదలై మెల్లగా ఆగుతుంది, ఆన్‌లో ఉన్న మెషిన్ అలా తిరగదు.

(స్క్రీన్ మీద: ఒకే బ్లేడ్ మూడు సార్లు పక్కపక్కన, ఒకటి ఆగినట్టు, ఒకటి వెనక్కి, ఒకటి ముందుకి తిరుగుతూ)

ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే బ్లేడ్ రివర్స్‌లో తిరగడానికి అసలు కారణం ఇదే కావచ్చు. మీరు దిశ కరెక్ట్‌గానే ఇచ్చుంటారు, అయినా రెండర్‌లో, అంటే తయారైన వీడియోలో, వెనక్కి తిరుగుతుంది. 40 పళ్ళ బ్లేడ్ తీసుకోండి, పంటికీ పంటికీ మధ్య 9 డిగ్రీలు. ఫ్రేమ్‌కి సరిగ్గా 9 డిగ్రీలు తిప్పారా, ప్రతి పన్ను పక్క పన్ను ఉన్న చోటికే వచ్చి ఆగుతుంది, బ్లేడ్ కదలనట్టే ఉంటుంది. 8 డిగ్రీలు తిప్పితే కంటికి 1 డిగ్రీ వెనక్కి పోయినట్టు అనిపిస్తుంది. సినిమాల్లో బండి చక్రాలు వెనక్కి తిరుగుతున్నట్టు కనపడేది కూడా ఇందుకే. కాబట్టి పళ్ళు స్పష్టంగా కనపడాల్సిన స్లో షాట్లలో ఫ్రేమ్‌కి 4.5 డిగ్రీల లోపే ఉంచండి. నేను 3 పెడతా, సెకనుకి 24 ఫ్రేముల లెక్కన అది నిమిషానికి 12 చుట్లే, కానీ చూసేవాడికి దిశ గట్టిగా అర్థమవుతుంది. ఫుల్ స్పీడ్ షాట్లలో అసలు పళ్ళే చూపించొద్దు, బ్లర్ అయిన డిస్క్ పెట్టి పైన ఒక బాణం గీస్తే సరిపోతుంది.

కిక్‌బ్యాక్ షాట్‌ని రెండు సార్లు చూపించండి. మొదటిది నిజమైన వేగంలో. చెక్క పంటి వేగంలో సగం అందుకున్నా ఒక్క ఫ్రేమ్‌లో మీటర్ పైనే దాటేస్తుంది, అంటే ఇప్పుడుంది, ఇప్పుడు లేదు. "అరె ఏమైంది" అని చూసేవాడు అనుకున్నాక అదే షాట్ స్లోగా, సందు మూసుకోవడం, వెనక పన్ను చెక్కని పట్టుకోవడం, మూల పైకి లేవడం, ఒక్కొక్కటి కనపడేలా. తర్వాత అదే చెక్క ఫెన్స్ నుంచి జరగబోతుంటే ఈసారి ఫెదర్ బోర్డ్ వేళ్ళు అదిమి పట్టుకోవడం. రక్తం, తెగిన వేళ్ళు లాంటివి వద్దండి, జనం మొహం తిప్పుకుంటారు, మొహం తిప్పుకున్నవాడికి పెట్టే చోటు కనపడదు.

వేళ్ళు వంగడానికి సింపుల్ డిఫార్మ్ మాడిఫయర్‌లో బెండ్ వాడొచ్చు, కానీ క్యాడ్ (డిజైన్) ఫైల్ నుంచి వచ్చిన మెష్‌లో, అంటే మోడల్ ఉపరితలంలో, పొడుగాటి ట్రయాంగిల్స్ ఉంటాయి, అవి వంగవు, విరిగిన పుల్లల్లా మడతపడతాయి. రీమెష్ చేసి, అంటే ఆ ఉపరితలాన్ని చిన్న చిన్న ముక్కలుగా మార్చి, మధ్యలో గీతలు ఎక్కువ పెట్టుకుని అప్పుడు వంచండి.

మనిషి బొమ్మకి గ్లౌజులు వేయకండి, సేఫ్టీ వీడియో కదా అని చాలామంది వేసేస్తారు, తిరిగే బ్లేడ్ దగ్గర గ్లౌజ్ చిక్కుకుంటే చేతిని కూడా లాక్కుపోతుంది. కళ్ళద్దాలు ఉండాలి, చేతిలో చెక్కని తోసే పుష్ స్టిక్ ఉండాలి, బ్లేడ్‌కి సరిగ్గా ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి నిలబడాలి. బ్లేడ్ వెనక రైవింగ్ నైఫ్ కూడా మోడల్ చేయండి, అంటే కోత సందులో నిలబడి అది మూసుకోకుండా చూసే రేకు. క్లయింట్ "అది మన ప్రోడక్ట్ కాదు కదా, తీసేద్దాం" అనొచ్చు, ఒప్పుకోవద్దు. ఫెదర్ బోర్డ్ బ్లేడ్ ముందు వరకే, వెనక సందు మూసుకుంటే అదేమీ చేయలేదు. ఈ ముక్క వాయిస్ ఓవర్‌లో కూడా చెప్పండి. "ఇది ఉంటే ప్రమాదమే జరగదు" అని మాత్రం ఎవరు డబ్బిచ్చినా రాయకండి.

వాయిస్ ముందు రికార్డ్ చేసి, దానికి తగ్గట్టు యానిమేషన్ సర్దుకుంటే సగం తిప్పలు తప్పుతాయి. ఫైనల్‌కి ముందు గ్రే కలర్ ప్రివ్యూ ఒకటి తీసి, సౌండ్ తీసేసి, రంపం పని తెలిసినాయనకి ఒకసారి, అసలేమీ తెలియనివాళ్ళకి ఒకసారి చూపించండి. మొదటాయన తప్పులు పట్టుకుంటాడు. రెండోవాళ్ళని "ఫెదర్ బోర్డ్ ఎక్కడ పెట్టాలి" అని అడగండి, వేలు పెట్టి కరెక్ట్ చోటు చూపిస్తే రెండర్‌కి వెళ్ళిపోవచ్చు.

(స్క్రీన్ మీద: పైనుంచి చూసినట్టు టేబుల్, బ్లేడ్ ముందు ఫెదర్ బోర్డ్, కదలకుండా నాలుగు సెకన్లు)

90 సెకన్లంటే 2160 ఫ్రేములు, ఫ్రేమ్‌కి 40 సెకన్లు పట్టినా సరిగ్గా 24 గంటలు. నేరుగా వీడియో ఫైల్‌గా తీయకుండా పీఎన్‌జీ ఫ్రేములుగా తీయండి, మధ్యలో కరెంట్ పోయినా అయినంతవరకు చేతిలో ఉంటుంది, ఆగిన ఫ్రేమ్ నుంచి మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు.