రాయి వదలని చమురు

అందరికీ నమస్కారం.

నేను రిజర్వాయర్ ఇంజనీరింగులో పరిశోధన చేస్తానంటే, చాలామంది "ఏ డ్యాము దగ్గరండీ?" అని అడుగుతారు. వాళ్ల తప్పేం లేదు, ఆ మాట వినగానే ఎవరికైనా నీళ్లే కనబడతాయి. మా రిజర్వాయరులో నీళ్ల మడుగూ ఉండదు, చమురు మడుగూ ఉండదు. ఉండేది రాయి. మంచి ఇసుకరాయిలో ఖాళీ జాగా నూటికి 20 వంతులు ఉంటే గొప్ప. ఆ ఖాళీ కూడా ఒక్కచోట ఉండదు, రేణువుల సందుల్లో చెదిరి ఉంటుంది. ఒక సందు నుంచి ఇంకో సందుకు వెళ్లే ఇరుకు దారి చాలాచోట్ల తలవెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. చమురు ఉండేది అక్కడ.

బావి తవ్వగానే లోపలి పీడనమే కొంత చమురును పైకి నెడుతుంది. ఆ ఊపు తగ్గాక పక్క బావుల్లోంచి నీరు ఎక్కించి తోస్తాం. ఇంత చేసినా ప్రపంచంలోని చమురు క్షేత్రాల సగటు చూస్తే, చేతికొచ్చేది ఉన్నదాంట్లో సుమారు మూడో వంతు. మిగతాది ఎందుకు రాదన్నదే నా పని.

"ఇంకా గట్టిగా తోస్తే సరిపోదా?" అంటారు. రాళ్లలో ప్రవాహానికి మేం ఇప్పటికీ వాడే సూత్రం హెన్రీ డార్సీది. ఫ్రాన్సులోని డిజోన్ నగరానికి మంచినీళ్లు ఇచ్చే పనిలో ఉండి, ఇసుక గుండా నీరు ఎలా దిగుతుందో కొలిచి 1856లో ప్రచురించాడు. ఆధునిక చమురు పరిశ్రమకు నాంది అనే, అమెరికాలోని పెన్సిల్వేనియా డ్రేక్ బావిలో 69.5 అడుగుల లోతున చమురు పడింది 1859లో. అంటే సూత్రమే ముందు పుట్టింది! డార్సీ లెక్క ప్రకారం తోపు పెంచితే ప్రవాహం పెరగాలి. పెరుగుతుంది కూడా, కాని పెరిగేది నీటి ప్రవాహం. ఇరుకు దారిలో చిక్కిన చమురు బొట్టు సన్నగా సాగితేగాని ఆవలికి దాటలేదు. చమురుకూ నీటికీ మధ్య ఉన్న తలతన్యత దాన్ని సాగనివ్వదు. నీరేమో పక్కదారి చూసుకుని పోతుంది.

ఆ తన్యతను సబ్బులాంటి రసాయనాలతో తగ్గించవచ్చు. రెండు మూడు రెట్లు తగ్గిస్తే బొట్టు కదలదు, వేల రెట్లు తగ్గాలి. చమురు మరీ చిక్కనైతే పలచని నీరు దాన్ని తోయకుండా వేళ్లలా చీల్చుకుని ముందుకు పోతుంది. అందుకని నీటికే పాలిమర్ కలిపి చిక్కబరుస్తారు. చైనాలోని డాచింగ్ క్షేత్రంలో 1990ల నుంచి భారీ ఎత్తున చేస్తున్నది ఇదే. టెక్సాస్‌లో 1972 నుంచి కార్బన్ డయాక్సైడ్ ఎక్కిస్తున్నారు. లోతున తగినంత పీడనం ఉంటే అది చమురులో కలిసిపోయి దాన్ని పలచబరుస్తుంది. ఆ వాయువులో కొంత భూమిలోనే ఉండిపోతుంది, నిజమే. కాని అదంతా పర్యావరణ సేవేనని చెప్పుకుంటే నాకు నవ్వొస్తుంది. పంపేది చమురు కోసమే కదా.

ఇక నా బల్ల దగ్గరికి వద్దాం. బొటనవేలంత కోర్ ముక్కను, అంటే బావిలోంచి కోసి తీసిన రాతి ముక్కను, రబ్బరు తొడుగులో బిగించి, ముందు ఉప్పునీటితో, తర్వాత చమురుతో నింపుతాం. ఆపైన మళ్లీ ఉప్పునీరు పంపుతాం, రోజుకు అడుగు చొప్పున నడిచేంత నెమ్మదిగా. చివర గాజు గొట్టంలోకి చుక్కలు పడుతుంటాయి. గంటల తరబడి నల్లటి చుక్కలే. తర్వాత ఒక తెల్ల చుక్క, అంటే నీటి చుక్క. అది పడ్డాక నా కోర్లలో చమురు దాదాపు ఆగిపోయేది, సగానికి దగ్గరగా లోపలే ఉండిపోయేది.

ఏడాది పాటు అవే అంకెలు. ముచ్చటగా ఒకదానికొకటి సరిపోయేవి. క్షేత్రం నుంచి వచ్చిన లెక్కలతో మాత్రం పొసగలేదు. తప్పు నాదేనని తేలింది: కోర్లను జిడ్డు కరిగించే టోలుయీన్‌ ద్రవంతో మరీ శుభ్రంగా కడిగేశాను. భూమిలో లక్షల ఏళ్లు చమురులో నానిన రాయి గోడలకు ఆ చమురులోని జిడ్డు పట్టి ఉంటుంది. నేను ఆ జిడ్డు వదలగొట్టి, నీటిని ఇష్టపడే కొత్త రాయి తయారుచేసుకుని, దాన్ని కొలుస్తూ కూర్చున్నాను.

ఈసారి కడిగిన కోర్లను ముడిచమురులో వేసి, భూగర్భంలో ఉండే వేడికి వారాల తరబడి ఓవెన్లో ఉంచాం. కథ మారింది. తెల్ల చుక్క చాలా ముందే పడింది. చమురు మాత్రం ఆగలేదు, నీటితో పాటు కొద్దికొద్దిగా రోజుల తరబడి వస్తూనే ఉంది. అంటే ఆ రాయిలో పంపు ఎప్పుడు ఆపామన్నదాన్ని బట్టే ఫలితం మారుతుంది. నా పాత ప్రయోగాల్లో తెల్ల చుక్క పడ్డ కాసేపటికే నేను పంపు కట్టేసి ఇంటికి వెళ్లేవాణ్ణి.

ప్రస్తుతం ఓవెన్లో 4 కోర్లు నానుతున్నాయి. తీయడానికి ఇంకా 20 రోజులుంది. ఈలోగా మీ ప్రశ్నలు అడగండి.