వైజాగ్ ట్రాఫిక్‌లో హైబ్రిడ్ కారు: ఎవరికి గిట్టుబాటు?

అందరికీ నమస్కారం అండి. ఈ వీడియోలో టయోటా హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్ గురించి మాట్లాడుకుందాం. హైబ్రిడ్ అంటే పెట్రోల్ ఇంజిన్‌తో పాటు ఎలక్ట్రిక్ మోటారు, బ్యాటరీ కూడా ఉన్న కారు; ఆ మోటారు ఒక్కటే బండిని కాసేపు నడపగలిగితే అది స్ట్రాంగ్ హైబ్రిడ్. మారుతి గ్రాండ్ విటారా హైబ్రిడ్‌లో ఉన్నదీ ఇదే ఇంజిన్, ఇదే బ్యాటరీ కాబట్టి ఆ కారు చూస్తున్నవాళ్లకీ ఇదంతా పనికొస్తుంది. డిజైన్, టచ్ స్క్రీన్, సన్‌రూఫ్ జోలికి నేను వెళ్లను, వాటి మీద వీడియోలు బోలెడున్నాయి. పెట్రోల్ ఖర్చు ఎంత తగ్గుతుంది, మన ఊరి గాలికి ఏమైనా మేలు జరుగుతుందా, ఈ రెండే చూద్దాం.

ముందే ఒక మాట. హైబ్రిడ్‌లో లాభం మీరు రోజూ వెళ్లే దారిని బట్టి ఉంటుంది. ఆఫీసు టైంలో గాజువాక నుంచి ఎన్‌ఏడీ మీదుగా మద్దిలపాలెం దాకా వెళ్లారనుకోండి, గురుద్వార సిగ్నల్ దగ్గర మామూలు పెట్రోల్ కారు నిలబడే పెట్రోల్ తాగుతుంది, ఈ ఎండల్లో ఏసీ ఆపలేం కదా. హైబ్రిడ్‌లో బండి ఆగితే ఇంజిన్ కూడా ఆగిపోతుంది, ఏసీ మాత్రం బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది. గ్రీన్ పడ్డాక మోటారుతోనే నెమ్మదిగా కదులుతుంది, వేగం పెరిగినప్పుడో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడో ఇంజిన్ అందుకుంటుంది. మళ్లీ బ్రేక్ వేస్తే ఆ మోటారే జనరేటర్‌గా మారుతుంది, మామూలు కారులో బ్రేకుల దగ్గర వేడిగా పోయే శక్తిలో కొంత తిరిగి బ్యాటరీలోకి చేరుతుంది. బ్యాటరీ చాలా చిన్నది, ఒక యూనిట్ కరెంటు కూడా పట్టదు, 0.76 కిలోవాట్ అవర్ అంతే. నిండుతూ ఖాళీ అవుతూ ఉండటమే దాని పని. ఛార్జింగ్ పెట్టే పనే లేదు.

అందుకే సిటీలో బాగుంటుంది. ఆనందపురం దాటి శ్రీకాకుళం వైపు హైవే ఎక్కి ఒకే స్పీడులో వెళ్తుంటే ఇంజిన్ ఎక్కువసేపు నడవాల్సిందే, బ్రేకులు వేసేది తక్కువ, తిరిగొచ్చే శక్తీ తక్కువ. కంపెనీ చెప్పే మైలేజీ లీటరుకి 27.97 కిలోమీటర్లు, అది టెస్టులో వచ్చిన అంకె. మన రోడ్ల మీద, ఏసీ వేసుకుని, దాన్నే ఆశించకండి.

సరే, డబ్బు లెక్క వేద్దాం. పెట్రోల్ లీటరు 110 అనుకుందాం. సిటీలో ఇదే సైజు పెట్రోల్ ఆటోమేటిక్ లీటరుకి 12 కిలోమీటర్లు ఇస్తుందని, హైబ్రిడ్ 20 ఇస్తుందని పెట్టుకుందాం. నెలకి 1,000 కిలోమీటర్లు తిరిగితే ఒకదానికి 83 లీటర్లు, రెండోదానికి 50. నెలకి 33 లీటర్లు, ఏడాదికి సుమారు 400 లీటర్లు మిగులుతాయి, అంటే 44,000 రూపాయలు. ఇప్పుడు రెండు కార్ల ఆన్‌రోడ్ ధరల మధ్య తేడా రెండున్నర లక్షలు అనుకుంటే అది తిరిగి రావడానికి దాదాపు ఆరేళ్లు. అదే మీరు నెలకి 400 కిలోమీటర్లే తిరిగితే పద్నాలుగేళ్లు! అలాంటప్పుడు డబ్బు కోసమైతే కొనకండి, మామూలు పెట్రోల్ కారు చాలు. మధురవాడలో ఇల్లు, స్టీల్‌ప్లాంట్ వైపు ఉద్యోగం, రోజూ రానూపోనూ అంత దూరం కారే అంటారా, మీకు ఇంకా ముందే గిడుతుంది. షోరూమ్‌లో కొటేషన్ తీసుకుని ఆ తేడా దగ్గర మీ అంకె వేసుకోండి, లెక్క మాత్రం ఇదే.

పన్ను విషయం నాకు నిజంగా బాధగా ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ సైజు హైబ్రిడ్‌కి జీఎస్టీ 40 శాతం, ఎలక్ట్రిక్ కారుకి 5 శాతం. పెట్రోల్ ఇంత ఆదా చేసే బండికీ అదే సైజు మామూలు పెట్రోల్ బండికీ ఒకటే పన్నా? కొంత తగ్గించినా మధ్యతరగతి వాళ్లు ఎంతమంది ఇటు వచ్చేవారో.

ఇక గాలి సంగతి. లీటరు పెట్రోల్ కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అంటే పైన చెప్పిన 400 లీటర్లకి ఏడాదికి 900 కిలోల పైనే తగ్గినట్టు. నాకు దానికంటే ముఖ్యంగా అనిపించేది సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజిన్. మన ఊరికి అటు కైలాస కొండలు, ఇటు యారాడ కొండలు, మధ్యలో గిన్నెలా ఉంటుంది, పొగ తొందరగా బయటికి పోదు. పోర్టు బొగ్గు ధూళి, ఫ్యాక్టరీలు ఎలాగూ ఉన్నాయి, వాటిని ఏ కారూ తగ్గించలేదు. జాతీయ క్లీన్ ఎయిర్ ప్రోగ్రాం, అంటే గాలి కాలుష్యం తగ్గించాల్సిన నగరాల జాబితాలో మన వైజాగ్ ఉన్నది ఊరికే కాదు. ఇన్ని చాలవన్నట్టు సిగ్నల్ దగ్గర వందల ఇంజిన్లు ఆన్‌లో ఉంటే ఆ పొగ పీల్చేది పక్కన బైక్ మీద ఉన్నవాళ్లు, ఆటోలో స్కూలుకెళ్లే పిల్లలు. అక్కడ ఒక్క ఇంజిన్ ఆగినా నాకు సంతోషమే.

మరి ఎలక్ట్రిక్ కారు కొనొచ్చు కదా అంటారు. ఇంట్లో సొంత పార్కింగ్, ఛార్జింగ్ పాయింట్ ఉండి, తిరుగుడంతా ఊళ్లోనే అయితే అదే కొనండి, కిలోమీటరు ఖర్చు ఇంకా తక్కువ, పొగ గొట్టమే ఉండదు. మన కరెంటులో బొగ్గు వాటా ఎక్కువే, పరవాడ దగ్గర సింహాద్రిలోనే 2,000 మెగావాట్ల బొగ్గు ప్లాంటు ఉంది, అయినా సిగ్నల్ దగ్గర పొగ రాకపోవడం చిన్న విషయం కాదు. అపార్ట్‌మెంట్‌లో ఛార్జింగ్‌కి వీల్లేనివాళ్లకి, ఇంటికంతటికీ ఒకటే కారు ఉన్నవాళ్లకి హైబ్రిడ్ సరిగ్గా కుదురుతుంది.

బ్యాటరీ పోతే ఎలా అని టెన్షన్ పడేవాళ్లకి: దీనికి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది, ఏది ముందైతే అది. టయోటా ప్రియస్ జపాన్‌లో 1997లోనే వచ్చింది, కాబట్టి ఇది నిన్నమొన్నటి టెక్నాలజీ కాదు. నారింజ రంగు కేబుళ్లు మాత్రం హై వోల్టేజీవి, వాటిని బయటి మెకానిక్‌తో ముట్టించకండి. డిక్కీ చిన్నది, బ్యాటరీ వల్ల 265 లీటర్లే మిగిలింది, పండక్కి నలుగురు సామానుతో ఊరెళ్లాలంటే ఇరుకే.

ఇంకోటి, మైల్డ్ హైబ్రిడ్ అని ఉంటే అది వేరు. అందులో చిన్న మోటారు ఇంజిన్‌కి సాయం చేస్తుందంతే, తనంతట తాను బండిని నడపదు. బుకింగ్ ఫారం మీద స్ట్రాంగ్ హైబ్రిడ్ వేరియంటేనా కాదా చూసుకోండి.

టెస్ట్ డ్రైవ్‌కి బీచ్ రోడ్డుకి తీసుకెళ్తామంటారు, ఖాళీ రోడ్డులో ఏమీ తెలియదు. సాయంత్రం ట్రాఫిక్‌లో ఏసీ వేసి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, మీ ఆఫీసు దారిలోనే నడపండి. వీలైతే సింహాచలం ఘాట్ కూడా ఎక్కి దిగండి. దిగేటప్పుడు బ్యాటరీ నిండిపోతే ఇంజిన్ ఒక్కసారిగా గట్టిగా తిరిగిన శబ్దం వస్తుంది, అది ఇంజిన్ బ్రేకింగ్, అంటే ఇంజినే బండి వేగాన్ని పట్టి ఆపడం, కంగారు పడకండి, గేర్ లివర్‌ని ‘B’ అని ఉన్నచోట పెట్టి నెమ్మదిగా దిగండి. మీరు నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు, ఏ రూటులో తిరుగుతారు, కామెంట్‌లో పెట్టండి, మీ లెక్క నేను వేసి చెప్తాను.