ఎడారిలో మాడ్యులర్ ఇల్లు: చూడాల్సింది అతుకుల్ని

హోస్ట్: నమస్కారమండీ. ఇవాళ మన బెంగళూరులో పీణ్య వైపు షెడ్లలో తయారయ్యే మాడ్యులర్ ఇళ్ల సంగతి, అంటే ఫ్యాక్టరీలో ముక్కలుగా కట్టి సైటుకి తీసుకెళ్లి కలిపే ప్రీఫ్యాబ్ ఇళ్లు. ఇక్కడ సైట్ ఆఫీసుకో, తోటలో చిన్న ఇంటికో బాగానే పనికొస్తున్నాయి. అదే యూనిట్‌ని ట్రైలర్ ఎక్కించి రాజస్థాన్ ఎడారిలోని జైసల్మేర్‌కో బార్మేర్‌కో పంపితే ఏమవుతుంది? ప్రీఫ్యాబ్ డిజైన్ చేసే ఇంజనీర్ గారు మనతో ఉన్నారు. సర్, ప్యానెల్ మందం పెంచితే సరిపోతుందా?

ఇంజనీర్: సరిపోదండీ. పఫ్ ప్యానెల్ అంటే రెండు రేకుల మధ్య వేడిని ఆపే ఫోమ్ నింపిన పలక. 50 మిల్లీమీటర్లది బదులు 100 వేస్తే గోడ లోంచి వచ్చే వేడి దాదాపు సగమవుతుంది. వెయ్యాల్సిందే. కానీ ఎడారిలో ఈ ఇళ్లు పాడవడం అతుకుల దగ్గర మొదలవుతుంది. వేడి, దుమ్ము లోపలికొచ్చేది అక్కడినుంచే. గాలికి ముందు ఊడేదీ అదే. అందుకే డ్రాయింగ్ నా చేతికొస్తే ముందు అతుకులు ఎన్ని ఉన్నాయో చూస్తాను.

హోస్ట్: అతుకు మీద అంత ఒత్తిడి ఎందుకు పడుతుంది?

ఇంజనీర్: లెక్క చూద్దాం. రాజస్థాన్‌లోని ఫలోదిలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైంది. అది నీడలో గాలి వేడి. ఎండలో ఉన్న పైకప్పు రేకు 75 డిగ్రీలకు చేరుతుంది. చలికాలం తెల్లవారుజామున అదే రేకు 5 డిగ్రీలకు దిగుతుంది. అంటే 70 డిగ్రీల తేడా. స్టీలు మీటరుకు, డిగ్రీకి 0.012 మిల్లీమీటర్లు సాగుతుంది. 6 మీటర్ల పొడవుకు కట్టండి, 5 మిల్లీమీటర్లు వస్తుంది. మన ఊళ్లో ఇంత తేడా ఉండదు కాబట్టి 8, 10 మిల్లీమీటర్ల సందు వదిలి సీలెంట్, అంటే సందు మూసే సాగే జిగురు, కొట్టేస్తారు. మామూలుగా దొరికే మంచి సీలెంట్ సందు వెడల్పులో 25 శాతం దాకా సాగగలదు. 10 మిల్లీమీటర్ల సందులో అది రెండున్నరే. ఎడారిలో ఒక వేసవి, ఒక చలికాలం గడిచేసరికి అంచు వెంట చిరిగిపోతుంది.

హోస్ట్: అంటే 20 మిల్లీమీటర్ల సందు కావాలి.

ఇంజనీర్: కావాలి. 20లో 25 శాతం అంటే సరిగ్గా 5. సందులో వెనక వైపు బ్యాకర్ రాడ్, అంటే ఫోమ్ తాడు, పెట్టి, సీలెంట్ లోతు 10 మిల్లీమీటర్లకు ఆపాలి. రాడ్ లేకుండా సందంతా నింపితే సీలెంట్ రెండు పక్కలా, అడుగునా మూడు వైపులా అంటుకుంటుంది, ఇక సాగలేక తెగుతుంది. ఇంకోటి, బాత్రూముల్లో వాడే పుల్లటి వాసన సిలికాన్ వాడొద్దు. దాన్నుంచి వచ్చే యాసిడ్ గాల్వనైజ్డ్ రేకుని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని డబ్బా మీద రాసి ఉన్నది తీసుకోవాలి.

హోస్ట్: దుమ్ములో అది అంటుకుంటుందా అసలు?

ఇంజనీర్: అదే అసలు కష్టం. పొద్దున తుడిచిన అంచు మీద మధ్యాహ్నానికి పొడి పేరుకుంటుంది. చేతికి కూడా తెలియదు, అంత సన్నని పొడి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒక గుడ్డ తడిపి తుడవాలి, ఆరకముందే రెండో పొడి గుడ్డతో లాగెయ్యాలి, వెంటనే సీలెంట్ గన్ పట్టాలి. ఒకసారికి మూడు, నాలుగు మీటర్లు మాత్రమే తుడుచుకోవాలి. రేకు 30, 35 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు చేస్తే ఇంకా మంచిది. అప్పుడు వేసవి సాగుడికీ చలికాలం ముడుచుకోవడానికీ రెండు వైపులా జాగా మిగులుతుంది.

హోస్ట్: ప్యానెల్ వంగిపోతుందనీ అంటారు కదా.

ఇంజనీర్: వంగుతుంది, అది కూడా అతుకు సమస్యే. బయటి రేకు 75లో, లోపలి రేకు 28లో ఉంటే బయటిది ఎక్కువ సాగి ప్యానెల్ పైకి విల్లులా లేస్తుంది. 100 మిల్లీమీటర్ల మందం, 3 మీటర్ల పొడవైతే మధ్యలో సుమారు 6 మిల్లీమీటర్లు. అదే 6 మీటర్ల ప్యానెల్‌కి 25! పొడవు రెట్టింపైతే వంపు నాలుగింతలు. మధ్యలో దూలానికి స్క్రూలు కొట్టి బిగిస్తే వంపు ఆగుతుంది కానీ ఆ బలమంతా స్క్రూ మీద పడుతుంది, రోజూ పగలూ రాత్రీ. కంత పెద్దదవుతుంది, ఆ తర్వాత వానొస్తే అక్కడే కారుతుంది. అందుకే పైకప్పు ప్యానెల్‌ని 3 మీటర్ల ముక్కలుగా పెట్టండి. ఒక చివర గట్టిగా బిగించి, రెండో చివర కోలగా చేసిన కంతలో కదలనివ్వండి. రంగు తెలుపు లేదా లేత మీగడ రంగు. ముదురు నీలం, ముదురు ఎరుపు రేకులు ఎడారికి పంపనే కూడదు.

హోస్ట్: మాడ్యూల్ చిన్నదైతే అతుకులు పెరుగుతాయి కదా, మరి సైజు ఎలా తేల్చుకోవాలి?

ఇంజనీర్: వెడల్పు 2.6 మీటర్లు దాటితే రోడ్డు మీద ప్రత్యేక అనుమతి కావాలి. అది తప్పించుకోవడానికి చాలామంది కంటైనర్ వెడల్పు, 2.44కే ఆగిపోతారు. గదులు ఇరుకు, అతుకులు ఎక్కువ. నన్నడిగితే అనుమతి తీసుకుని 3 మీటర్లకు వెళ్లడమే మేలు. రెండు వేల కిలోమీటర్ల దాకా ప్రయాణం కాబట్టి నేల టైల్స్, గోడకు జిప్సం బోర్డు ఫ్యాక్టరీలో వెయ్యొద్దు, దారిలో పగులుతాయి. సిమెంట్ ఫైబర్ బోర్డు తట్టుకుంటుంది. తలుపు, కిటికీ ఖాళీలకు ఐమూలగా తాత్కాలిక యాంగిల్ వెల్డ్ చేసి పంపాలి.

హోస్ట్: లోపలి స్టీలు ఫ్రేము?

ఇంజనీర్: మంచి ప్రశ్న. స్టీలు పఫ్ కంటే దాదాపు రెండు వేల రెట్లు వేగంగా వేడిని పంపుతుంది. బయటి రేకుకీ లోపలి బోర్డుకీ ఒకే ట్యూబ్ తగిలి ఉంటే, చుట్టూ ఎంత పఫ్ ఉన్నా వేడి ఆ ట్యూబ్ పట్టుకుని వచ్చేస్తుంది. ఫ్రేము మొత్తం ఇన్సులేషన్‌కి లోపలి వైపు ఉండాలి. తప్పనిసరిగా దాటాల్సిన చోట మధ్యలో 10, 12 మిల్లీమీటర్ల గట్టి ప్లాస్టిక్ లేదా నియోప్రీన్ రబ్బరు పట్టీ పెట్టాలి. మే నెల మధ్యాహ్నం లోపలి గోడ మీద చెయ్యి నడిపిస్తే, లోపలి స్టీలు ట్యూబ్ ఎక్కడుందో అరచేతికే తెలిసిపోయే ఇళ్లున్నాయి.

హోస్ట్: గాలి సంగతి?

ఇంజనీర్: ఇక్కడే ఫ్యాక్టరీ వాళ్లు బోల్తా పడతారు. కట్టడాలపై గాలి బలాన్ని లెక్కించే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో, డిజైన్‌కి తీసుకునే గాలి వేగం బెంగళూరుకు సెకనుకు 33 మీటర్లు, జోధ్‌పూర్, బికనేర్‌లకు 47. చెన్నైకి 50, కాబట్టి చెన్నై కోసం డిజైన్ చేసేవాళ్లకు ఇది కొత్త కాదు. వేగం ఒకటిన్నర రెట్ల లోపే, కానీ ఒత్తిడి ఆ వేగం వర్గం (స్క్వేర్) లెక్కన పెరుగుతుంది: చదరపు మీటరుకు సుమారు 650 న్యూటన్లు కాస్తా 1,325 అవుతుంది. 6 బై 3 మీటర్ల కప్పుని పైకి లాగే బలం సుమారు 2.4 టన్నులు. తలుపు తెరుచుకుని గాలి లోపలికి కొడితే ఇంకా ఎక్కువ. తేలిక మాడ్యూల్ బరువే రెండున్నర, మూడు టన్నులు. బరువుకే నిలబడుతుందని వదిలెయ్యకూడదు. 600 బై 600, 900 లోతు కాంక్రీట్ దిమ్మ ఒక్కోటి 780 కిలోలు. నాలుగు మూలలా దిమ్మలు, వాటిలో పాతిన ఎం20 (20 మిల్లీమీటర్ల) బోల్టులు, పైన స్ట్రక్చరల్ ఇంజనీర్ లెక్క. ఇది కనీస పరిమాణమే, ఎక్కువ కావచ్చు.

హోస్ట్: అక్కడి నీళ్లతో కాంక్రీట్ కలపొచ్చా?

ఇంజనీర్: ముందు పరీక్ష చేయించాలి. కాంక్రీట్‌కి సంబంధించిన ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కమ్మీ ఉన్న కాంక్రీట్‌కి నీళ్లలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ఎడారి బోరు నీళ్లు చాలా చోట్ల దాటేస్తాయి, ట్యాంకర్ తెప్పించాలి. దిమ్మలు నేల మీద 600 నుంచి 900 మిల్లీమీటర్లు పైకి లేపండి, కింద ఖాళీ తెరిచే ఉంచండి. ఇసుక నేలకు దగ్గరగా ఎగురుతూ వెళ్తుంది, దారి ఇస్తే వెళ్లిపోతుంది. చుట్టూ స్కర్టింగ్, అంటే ఆ ఖాళీని మూసే గోడ, కడితే ఆ గోడకే గుట్టలా చేరుతుంది. ఏసీ బయటి యూనిట్ కూడా నేలకు మీటరున్నర పైన పెట్టాలి.

హోస్ట్: ఏసీ కంటే కూలరే నయం అంటారా?

ఇంజనీర్: మే, జూన్‌లో నిస్సందేహంగా. 42 డిగ్రీలు, 15 శాతం తేమ ఉంటే మంచి కూలర్ 26కి దించుతుంది. చెన్నైలో 36 డిగ్రీలు, 65 శాతం తేమలో అదే కూలర్ 31 దగ్గరే ఆగిపోతుంది. కూలర్ ఇంకో మేలు చేస్తుంది: లోపలికి గాలి నెడుతుంది కాబట్టి సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, దుమ్ము రాదు. ఎదురు వైపు కిటికీ కొద్దిగా తెరిచి ఉంచాలి. ఉప్పునీళ్లకి ప్యాడ్ గట్టిపడుతుంది, తొట్టి నీళ్లు తరచూ వదిలెయ్యాలి. జులై, ఆగస్టుల్లో తేమ పెరుగుతుంది, అప్పటికి ఏసీ కావాలి. 46 డిగ్రీల్లో పరీక్షించిన టీ3 రకం తీసుకోండి. మామూలు యూనిట్లకు 35 డిగ్రీల్లోనే లెక్క కడతారు.

హోస్ట్: తేలిక గోడలు రాత్రి చల్లదనాన్ని దాచుకోలేవు కదా.

ఇంజనీర్: అవును, జైసల్మేర్ రాతి ఇళ్లకు ఉన్న ఆ గుణం ప్రీఫ్యాబ్‌కి పుట్టుకతో లేదు. కొంత మనం ఇవ్వాలి. ఇన్సులేషన్‌కి లోపలి వైపు బరువు చేర్చాలి: నేల మీద 50 మిల్లీమీటర్ల కాంక్రీట్, ఒక గోడకు అక్కడే దొరికే పసుపు రాయి. రాత్రి కిటికీలు తెరిస్తే అది చల్లబడుతుంది, పొద్దున ఎనిమిదికల్లా మూసెయ్యాలి. ఆ బరువుని లెక్కలో వేసుకునే బేస్ ఫ్రేము కట్టాలి, తర్వాత చేర్చడం కుదరదు. ఇక వైరింగ్: కప్పు కింద సందులో 60 డిగ్రీలు ఉంటే పీవీసీ కేబుల్ మోయగలిగే కరెంటు సగమే. వేడిని ఎక్కువ తట్టుకునే ఎక్స్‌ఎల్‌పీఈ కేబుల్ వాడితే 71 శాతం దక్కుతుంది.

హోస్ట్: ఇల్లు అప్పగించేముందు ఏం పరీక్ష చెయ్యాలి?

ఇంజనీర్: చీకటి పడ్డాక లోపల గట్టి ఫ్లడ్ లైట్ వెలిగించి, తలుపులు మూసి, బయట చుట్టూ తిరగండి. వెలుతురు ఎక్కడ గీతలా కనిపిస్తే అక్కడ దుమ్ము దూరుతుంది. మూలలు, కిటికీ అడుగు, పైపు బయటికొచ్చే చోటు, ఇవి ముఖ్యం. చాక్‌పీస్‌తో గుర్తు పెట్టి మర్నాడు సీల్ చెయ్యాలి. మొదటి వేసవి, మొదటి చలికాలం దాటాక మళ్లీ ఒకసారి, బోల్టులు టార్క్ రెంచితో బిగిస్తూ. ఆ రెండో తనిఖీ ఖర్చు కాంట్రాక్టులోనే రాయించుకోండి, లేకపోతే అంత దూరం మళ్లీ ఎవరూ రారు.